చేతిమచ్చల పిన్ని

చేతిమచ్చల పిన్ని 55 ఏళ్ల ప్రాంతంలో తయారవుతుంది. అప్పటిదాకా ఆమె మామూలు పిన్నే. ఏదో పెళ్లి ఆల్బంలో అక్షింతలు వేస్తున్న చెయ్యి దగ్గరగా పడుతుంది; మొహానికి వేసిన మేకప్ మణికట్టు దాటలేదని అప్పుడు బయటపడుతుంది. ఇక కుడిచెయ్యి కనబడకుండా దానిమీద ఎడమచెయ్యి వేసుకుంటుంది. ఎడమచేతి మీదా మచ్చలున్నాయి గనక చివరికి రెండూ కొంగులోకి పోతాయి. కొత్త గాజులు చూపించమంటే చెయ్యి చాపదు, గాజు తీసి ఇస్తుంది.

ఈ మచ్చలకు మూలం ఎండ. ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు తగిలిన చర్మంలో మెలనిన్ అక్కడక్కడా పేరుకుంటుంది. ‘లివర్ స్పాట్స్’ అన్నది పేరుకే, కాలేయానికి సంబంధం లేదు. అయినా పిన్ని ముందుగా లివర్ పరీక్షే చేయించుకుంటుంది. రిపోర్టు బాగుంటే ల్యాబును అనుమానిస్తుంది.

ఆపైన వంటింటి వైద్యం. శెనగపిండి, మీగడలతో పెద్ద నష్టం లేదు. నిమ్మచెక్క రుద్దుకుని డాబా మీద వడియాలు పెట్టడమే ప్రమాదం: ఆ రసం మీద ఎండ పడితే చర్మం బొబ్బలెక్కి కొత్త మచ్చలు మిగులుతాయి.

చిట్టచివర స్కిన్ డాక్టరు. పెరుగుతున్న మచ్చ, అంచులు సరిగా లేని మచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అనుమానం తీరాకే కెమికల్ పీల్. గ్లైకాలిక్ ఆమ్లమో, ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లమో పూసి చర్మం పైపొరను ఊడగొట్టడం ఇందులోని పద్ధతి. చేతి వెనక చర్మం పలచన, నూనె గ్రంథులు తక్కువ. మొహం కంటే ఆలస్యంగా మానుతుంది. పైగా చామనచాయ ఒంటికి ఘాటుగా పూస్తే, మంట తగ్గాక ఆ చోటే ఇంకా నల్లబడవచ్చు. అందుకని కొన్ని వారాలు ముందే క్రీములు రాయించి, తక్కువ గాఢతతో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో సిట్టింగులు చేస్తారు. ఇదంతా శ్రద్ధగా విని పిన్ని అడిగేది ఒక్కటే: "గట్టిది వేసి ఒక్క సిట్టింగులో తేల్చెయ్యకూడదా డాక్టరమ్మా? వచ్చే నెల మా ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షనుంది."

పీల్ అయ్యాక వచ్చే వారమే అసలు పరీక్ష. పొరలుగా లేచిన చర్మాన్ని గిల్లకూడదు. పిన్ని సీరియల్ చూస్తూ గిల్లుతుంది. తెరమీదికి గయ్యాళి అత్త వస్తే మరీనూ. ఎస్.పి.ఎఫ్. 30 కి తగ్గని సన్‌స్క్రీన్ ఎండలో రెండు గంటలకోసారీ, చేతులు కడిగినప్పుడల్లా రాయాలి. బియ్యం, కూరలు, గిన్నెలు కడిగే చేతులకు ట్యూబు ఏం మిగులుతుంది? ధర చూసి దాన్ని మొహానికే కేటాయిస్తుంది. ఇంతలో మామిడికాయల కాలం వస్తుంది. డాబా మీద మాగాయ ముక్కలు తిరగెయ్యడానికి ఇంకెవరి చేతులూ ఆమెకు నచ్చవు. దీనికి ఆమెను పూర్తిగా తప్పుపట్టడమూ కష్టమే. ఆ మాగాయకు జాడీలు పంపే బంధువుల్లో ఒక్కరూ ఆమెను ఎండలోంచి దిగమన్న దాఖలా లేదు.

ఇన్ని చేసినా నాలుగైదు సిట్టింగులకు మచ్చలు కొంత పలచబడతాయి. ఎండ మానకపోతే మళ్లీ వస్తాయి. పలచబడితే శెనగపిండి పనిచేసిందంటుంది, తిరిగొస్తే డాక్టరమ్మకు చేతకాలేదంటుంది. అదే డాక్టరమ్మ దగ్గరికి తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చి, ఇద్దరికీ కలిపి ఫీజు తగ్గించమని బేరమాడేదీ ఆమే.