నేను చూడను గానీ

2018 సెప్టెంబరు 16, ఆదివారం రాత్రి. సూళ్లూరుపేటలో మా వీధి వీధంతా మిద్దెల మీదే ఉంది. పది దాటి ఎనిమిది నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ42 లేస్తుంది, బ్రిటన్ వాళ్ల ఉపగ్రహాలు రెండింటిని మోసుకుపోతుంది. రాత్రిపూట ప్రయోగమంటే మా ఊరికి పండగే. పగటి రాకెట్టు తెల్లటి పొగ గీత, అంతే. రాత్రి రాకెట్టు లేస్తే పులికాట్ నీళ్ల మీద ఒక్కసారిగా తెల్లారినట్టుంటుంది. పిలకాయల్ని భుజాలకెత్తుకుని, ఫోన్లు పైకెత్తి, అందరం తూర్పుకు తిరిగి నిలబడ్డాం. మా బాబాయి ఒక్కడే కింద ఉండిపోయాడు.

వెలుగు లేచాక నిమిషానికిగాని మోత మా దాకా రాదు. వచ్చిందంటే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. ఆ గడగడ మధ్యలో కింద నుంచి ఇంకో మోత మొదలైంది. టీవీ సౌండు పెరిగింది. బిగ్ బాస్‌లో నాని ఏమంటున్నాడో వినపడక బాబాయి రాకెట్టుతోనే పంతానికి దిగాడు.

కిందికి దిగి చూస్తే ద్వారబంధానికి చెయ్యి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో నీళ్ల గ్లాసు.

"ఎవురు పోయారు బాబాయ్?" అన్నా.

"నాకేం తెలుసబ్బయా? నేను చూడను గానీ, నీళ్లు తాగేదానికి పోతా పోతా అటు కన్నేశా, అంతే" అన్నాడు. అని, సోమవారం నామినేషన్లలో ఎవరు ఎవర్ని ఏ కారణం చెప్పి ఇరికించిందీ, బుధవారం టాస్కులో ఎవరు ఎవర్ని తోసిందీ, శుక్రవారం రాత్రి ఓటింగు మూసేసరికి గాలి ఎటు తిరిగిందీ ఇరవై నిమిషాలు చెప్పాడు. గ్లాసులో నీళ్లు నిండుగానే ఉన్నాయి.

అసలు ఈ బిగ్ బాస్ తంతు పుట్టింది కూడా సెప్టెంబరు 16నే. నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ అనే ఆయన కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి, బిగ్ బ్రదర్ అని పేరు పెట్టి 1999లో అదే రోజున టీవీలో వదిలాడు. ఆ పేరు జార్జ్ ఆర్వెల్ 1949లో అచ్చేసిన '1984' నవల్లోది. అందులో పెద్దన్న జనాన్ని కనిపెట్టుకుని ఉంటాడు, జనం హడలి చస్తుంటారు. ఇదంతా ఒకరోజు బాబాయికి చెప్పి, భయం వెయ్యడం లేదా అనడిగాను. "ఆయన మనల్ని చూస్తే చూడనీ. మనం ఈళ్లని చూస్తన్నాంగా" అన్నాడు. వెంటనే నాలిక్కరుచుకుని, "నేను చూడను గానీ" అని కలుపుకున్నాడు.

'నేను చూడను గానీ' జాతి మనుషులు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. క్షౌరశాలలో పదిమంది ఉన్నప్పుడు బిగ్ బాస్ ఎవరు చూస్తారని అడగండి, ఒక్క చెయ్యీ లేవదు. ఈ వారం కెప్టెన్ ఎవరని అడగండి, గడ్డం సబ్బు నురగతో ఉన్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. ఒకడికి వాళ్లావిడ పెడుతుంది కాబట్టి చెవిన పడుతుంది. ఒకడికి ఫోన్ తెరిస్తే ప్రోమో అదే వస్తుంది. ఇంకొకడు సమాజం ఎటు పోతోందో తెలుసుకునేందుకు మాత్రమే చూస్తాడు. సమాజం ఎటుపోయినా ఆయన సోఫా వదిలి పోడు.

వీళ్లందరిలోకీ మా బాబాయి నిష్ఠ వేరు. కూర్చుంటే చూసినట్టు, నిలబడితే పోతా పోతా చూసినట్టు అని ఆయన సిద్ధాంతం. రెండో సీజన్ 112 రోజులూ ద్వారబంధం దగ్గరే నిలబడి చూశాడు. మోకాళ్లు పట్టేశాయి. మూడో సీజన్‌కు పిన్నమ్మ జాలిపడి అక్కడ ఒక స్టూలు వేసింది. నాలుగో సీజన్ కరోనా కాలం. వీపు నొప్పి అని స్టూలు పోయి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఏడో సీజన్ నాటికి టీవీనే గుమ్మం వైపు తిప్పి పెట్టారు. ఇప్పుడు సోఫాలో కూర్చున్నవాళ్లం మెడలు వంకర పెట్టుకుని చూస్తాం. చూడనివాడు తిన్నగా చూస్తాడు.

ఆయన ముప్పై ఏళ్లు శ్రీహరికోటలోని షార్ ఉద్యోగుల బస్సు నడిపి రిటైరయ్యాడు. పులికాట్‌ను చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద పొద్దున పోవడం, సాయంత్రం రావడం. రెండు పక్కలా నీళ్లు, చలికాలమైతే రాజహంసలు. ఆయన బస్సులో కూర్చుని వెళ్లినవాళ్లు రాకెట్లకు లెక్కలు కట్టారు, ఇంధనం పోశారు, మీట నొక్కారు. దిగేటప్పుడు వాళ్లు ఆయన్ని అడిగిందల్లా సాయంత్రం బస్సు ఎన్నింటికనే. బిగ్ బాస్ అలా కాదు. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి అని వారం వారం పేరుపేరునా అడుగుతాడు. బాబాయి బలహీనత అక్కడుందని నా అనుమానం.

అడిగాక ఊరుకుంటాడా? హాట్‌స్టార్‌లో ఒక ఓటు. మిస్డ్ కాల్ ఇంకోటి. పిన్నమ్మ ఫోను, మంచం మీదున్న జేజి బటన్ల ఫోను, సందు చివర ఇడ్లీలు పోసే ఆయన ఫోను కూడా శుక్రవారం రాత్రి బాబాయి చేతిలోనే ఉంటాయి. చూడనివాడివి ఓటెందుకయ్యా అని పిన్నమ్మ నిలదీస్తే, "మిస్డ్ కాల్‌కి దుడ్లు పడవు గదమే, పోతే పోనీ అని కొట్టా" అంటాడు.

శుక్రవారం పొద్దున చెంగాళమ్మ గుడికి పోతాడు. ప్రయోగానికి ముందు ఇస్రో ఛైర్మన్లు వచ్చి దణ్ణం పెట్టుకునే గుడి అది. ఆ తల్లి గుడికి తలుపులుండవు. తలుపుల్లేని గుడిలో నిలబడి, తలుపులు మూసిన ఇంటి కోసం మొక్కుకునే మనిషి ప్రపంచంలో మా బాబాయి ఒక్కడేనేమో. ఒకసారి పూజారి కొబ్బరికాయ అందుకుంటూ, "ఈ వారం ఏం రాకెట్టు లేదే?" అన్నాడట. "సొంత రాకెట్టు సామీ" అని వచ్చేశాడు.

రాకెట్టంటే ఆయనకు తెలియదని కాదు. ఆయన వివరిస్తే మాత్రం వినాలి. "పీఎస్‌ఎల్‌వీకి స్టేజీలు ఎన్నబ్బయా? నాలుగు. మీద ఉపగ్రహం ఒకటి. మొత్తం ఐదు. టాప్ ఫైవ్! మొదటోడు ఉండాడే, 139 టన్నుల మందు కాల్చి, బరువంతా వాడే మోసి, రెండు నిమిషాలు కూడా ఉండకుండా సముద్రంలో పడతాడు. వంటంతా చేసి, గిన్నెలన్నీ తోమినోడు మొదటి వారమే పోతాడు చూడు, అట్టా. రెండోవాడు, మూడోవాడు ఒకరి తరవాత ఒకరు. నాలుగోవాడు చివరిదాకా వచ్చి, గుమ్మం ముందర ఆగిపోతాడు. కింద నుంచి ఒక్క పనీ చెయ్యకుండా పైన నీడపట్టున కూర్చున్నోడికి ట్రోఫీ. దాన్నేమంటారు?"

"పేలోడ్."

"సేఫ్ గేమ్ అంటారు."

2017 ఆగస్టు 31న పీఎస్‌ఎల్‌వీ-సీ39 లేచింది గానీ పైన ఉష్ణకవచం విడిపోలేదు. ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1హెచ్ ఉపగ్రహం అంత ఎత్తుకు పోయి కూడా ఆ కవచం లోపలే ఉండిపోయింది. ఊరంతా దిగాలుపడింది. జూనియర్ ఎన్టీఆర్ నడిపిన మొదటి సీజన్ అప్పుడు జరుగుతోంది, ఇల్లు లోనావాలాలో. టీవీలో నిపుణులు చెప్పేది మాకెవరికీ ఎక్కలేదు గానీ బాబాయికి మొత్తం అర్థమైపోయింది. "తలుపు తియ్యలా? అయ్యో. లోపలున్నోడికి బయట ఏం జరగతా ఉందో తెలీదు గదబ్బయా" అని ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం మేలుకుని ఉన్నాం. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. మిద్దెల మీద నుంచి జనం ఉసూరుమంటూ దిగుతుంటే బాబాయి గుమ్మంలో నిలబడి, "దీనికే ఏడుపా? ఫేక్ ఎలిమినేషన్. ఒక వారం సీక్రెట్ రూములో కూర్చోబెట్టి మళ్లీ పంపిస్తారు చూడండి" అన్నాడు. సరిగ్గా వారానికి, 22న మధ్యాహ్నం రెండూ నలభై మూడుకు అది లేచి పోయింది. ఆ ముందు రోజే నాగార్జున మూడో సీజన్ తలుపులు తీశాడు. ఆ రెండు రోజులూ బాబాయి వీధిలో నడుస్తుంటే పెద్దవాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

ఆ మర్యాద నవంబరు దాకా నిలిస్తే గొప్ప. ఎందుకంటే బాబాయి ఓట్లు పడిన వాళ్ల జాబితా ఇది: రెండో సీజన్‌లో గీతా మాధురి, మూడులో శ్రీముఖి, నాలుగులో అఖిల్ సార్థక్, ఐదులో షణ్ముఖ్, ఆరులో శ్రీహాన్, ఏడులో అమర్‌దీప్, ఎనిమిదిలో గౌతమ్ కృష్ణ. తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఏడుగురూ రన్నరప్పులే.

ఒకరిద్దరైతే కాకతాళీయం అనుకోవచ్చు. ఏడుగురు వరసగా అంటే దానికి ఏదో విద్య ఉండాలి. విజేతను పట్టుకోవడం కన్నా రెండోవాడిని అంత కచ్చితంగా పట్టుకోవడమే కష్టమేమో. పిన్నమ్మకు మాత్రం ఇది వరమైంది. ఫినాలే వారం బాబాయి ఎవరి వైపున్నాడో కనుక్కుని, మిగిలిన గట్టివాడికి ఓటేస్తుంది. అలా కౌశల్ నుంచి నిఖిల్ దాకా ఆమె చేతి మీదుగా గెలిచారు. వాళ్లలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కార్ వేదికెక్కి 'నాటు నాటు' పాడుతుంటే ఆమె బాబాయి వైపు ఒక్క చూపు చూసింది. మాటేమీ అనలేదు. ఆయన లేచి గ్లాసు తీసుకుని నీళ్లకు పోయాడు.

ఆరో సీజన్ దెబ్బ ఇంకా మానలేదు. శ్రీహాన్ 40 లక్షలు తీసుకుని తప్పుకున్నాడు, రేవంత్ విజేత అయ్యాడు. అంతా అయ్యాక, ఓట్లలో ముందున్నది శ్రీహానే అని నాగార్జున వేదిక మీద చెప్పాడు. మా బాబాయి జీవితంలో గెలిచింది ఆ ఒక్కసారే, అదీ ఓడిపోయిన తర్వాత.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఇంత చరిత్రున్న నెల్లూరును వదలాలంటే నాకే కష్టమైంది, చేపల పులుసు వాళ్లదైపోతుందేమో అని. బాబాయి ఒక్కటే మాటన్నాడు: "ఒక హౌసు నుంచి ఇంకో హౌసుకి. ఓటింగే పెట్టలా."

మాకు మద్రాసు దగ్గర. గుమ్మిడిపూండిలో పిన్నమ్మ చెల్లెలు తమిళ బిగ్ బాస్ చూస్తుంది. అది మనకన్నా మూడు వారాల ముందు, 2017 జూన్ 25న మొదలైందని ఆమెకు సీనియారిటీ. కమల్‌హాసనా, నాగార్జునా అన్న గొడవ మీద ఒక సీమంతంలో గాజులు తొడగడం అరగంట ఆలస్యమైంది. అంతకంటే చెబితే ఇంట్లో నాకు అన్నం పుట్టదు.

2023లో ఆదిత్య-ఎల్1 సెప్టెంబరు 2న లేస్తే, ఏడో సీజన్ 3న మొదలైంది. ఆదిత్య 15 లక్షల కిలోమీటర్లు పోవాలి. డిసెంబరు 17న ఫినాలేలో యావర్ 15 లక్షల సూట్‌కేసు తీసుకుని బయటికి నడిచాడు. "అది పోయేది 15 లక్షలు, ఇతను తీసుకునింది 15 లక్షలు. లెక్క కుదిరిందా లేదా?" అన్నాడు బాబాయి. ఏ లెక్క, దేనికి కుదిరింది అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రైతుబిడ్డ ప్రశాంత్ గెలిచిన ఆ రాత్రి అమర్‌దీప్ కోసం కొన్న బాణసంచాను బాబాయి సంక్రాంతికి దాచాడు.

ఇట్లా ఉండగా 2025 మే 18న తెల్లారి ఆరు కాకముందే పీఎస్‌ఎల్‌వీ-సీ61 లేచింది. మూడో దశలో ఏదో తేడా కొట్టి ప్రయోగం విఫలమైంది. మిద్దెల మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఒక్కొక్కరే మా ఇంటి వైపు తిరిగారు. బాబాయి అప్పుడే నిద్రలేచి కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"చెంగాళమ్మ తోడు, నేనేమీ అనలా. నిద్రపోతన్నా" అన్నాడు.

నవ్వులాటకే చూశారు వాళ్లు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ ఏడాది నవంబరు 2, ఆదివారం. సాయంత్రం ఐదూ ఇరవై ఆరుకు ఎల్‌వీఎం3 మీద సీఎంఎస్-03, 4,410 కిలోల ఉపగ్రహం. తొమ్మిదో సీజన్ జోరు మీదుంది, ఎలిమినేషన్ ఎవరన్నది శనివారమే లీకైపోయింది కాబట్టి ఆయనకు ఆ సాయంత్రం పని లేదు. మేమంతా మిద్దె మీద ఉన్నాం. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే బాబాయి.

"నేను చూడను గానీ, బట్టలు తీసేదానికి వచ్చా" అన్నాడు. శ్రీహరికోటకు వీపు పెట్టి నిలబడి, తీగ మీద నుంచి ఒక్కో చీరా లాగడం మొదలుపెట్టాడు. వెలుగు లేచింది. పిలకాయలు అరిచారు. ఆయన తల తిప్పలేదు. నిమిషానికి మోత వచ్చి మిద్దె అదిరింది, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఉన్నాడు.

"పక్కనుండే రెండూ ఊడిపోయినాయా?" అన్నాడు మెల్లగా.

"ఊడిపోయినాయి బాబాయ్. బాగానే పోతా ఉంది. తిరిగి చూడొచ్చు."

"నువ్వు చూడు. ఇంకా పావుగంట ఉండాది, నా పేరెత్తబాకు" అని, మడత పెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మొదటి నుంచి మడత పెట్టడం మొదలుపెట్టాడు.