పొందుగల దాటితే పరాయి బండే!

గుంటూరు జిల్లా అంగలకుదురు కుర్రాడు హైదరాబాద్‌లో పెయింటింగ్ పనిలో ఉన్నాడనుకోండి. జేబులో లైసెన్సుంది. 1988 మోటారు వాహనాల చట్టం, 13వ సెక్షన్ ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. శ్రీనగర్‌లో నడుపుకో, కన్యాకుమారిలో నడుపుకో. శభాష్!

సరే, ఏ బండి నడపాలి?

తిరకాసంతా అక్కడే. లైసెన్సు భారతదేశానిది, బండి మాత్రం గుంటూరుది. ఏపీ 07 నంబరు బండి సరిహద్దులోని పొందుగల దగ్గర కృష్ణ దాటి అవతల తెలంగాణలో పన్నెండు నెలలకు మించి ఉందా, కొత్త నంబరు తీసుకోవాల్సిందే. ముందు పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం. ఆ తర్వాత కొత్త రాష్ట్రానికి పన్ను. కొన్ననాడే 'జీవిత పన్ను' కట్టాడు కదా అంటారా? కట్టాడు. ఎవరి జీవితానికి? మిగిలిన సొమ్ము వాపసు కావాలంటే మళ్లీ పాత రాష్ట్రానికే అర్జీ. వసూలు చేసేవాడు ఎదురొస్తాడు, తిరిగిచ్చేవాణ్ని మనమే వెతుక్కోవాలి.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు ఇంకో వింత. హైదరాబాద్‌లో ఏళ్లుగా కాపురముంటున్న తెనాలి జనం తెల్లారేసరికి పరాయి రాష్ట్రంవాళ్లయ్యారు. మనిషి కదల్లేదు, బండి కదల్లేదు, సరిహద్దే కదిలింది. ఉమ్మడి రాజధాని అని పదేళ్లు పేరు పెట్టుకున్నారు. తెలంగాణ బండి ప్లేటు మీద టీఎస్ వచ్చింది, 2024లో టీజీ అయింది. అక్షరాలు మార్చే ఓపిక బోలెడుంది బాబూ. పన్ను లెక్క రెండు ఖజానాలూ తమలో తామే తేల్చుకునే ఏర్పాటుకే తీరిక లేదు!

మందు లేదా? ఉంది. 2021 సెప్టెంబరులో భారత్ సిరీస్ తెచ్చారు. బీహెచ్ నంబరు, రెండేళ్లకోసారి పన్ను, ఏ రాష్ట్రమైనా ఓకే. ఎవరికి? సైనికులకు, సర్కారు ఉద్యోగులకు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల సిబ్బందికి. మన పెయింటరుకు ఆఫీసే లేదు, నిచ్చెనుంది. బదిలీ అయితే భారతీయుడు, వలస వెళ్తే గుంటూరోడు. ఇదేం వరస?

లైసెన్సు గడువు ముగిస్తే ఇంకో ముచ్చట. ఏ లైసెన్సింగ్ అధికారైనా రెన్యువల్ చెయ్యొచ్చని 15వ సెక్షన్ భేషుగ్గా రాసింది. కౌంటర్లో మాత్రం స్థానిక చిరునామా రుజువేదీ అంటారు. ఆధార్‌లో అంగలకుదురే ఉంది. అద్దె ఒప్పందం రాసివ్వమంటే ఓనరు మొహం చాటేస్తాడు. ఫ్యాను బాగుచేయించనివాడు సంతకం పెడతాడా?

అదే కుర్రాడు విదేశం వెళ్తే? ఇక్కడి లైసెన్సు చూపించి ఏడాది చెల్లే అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవచ్చు. పరదేశపు రోడ్డెక్కడానికి ఒక్క పుస్తకం. మిర్యాలగూడ మీదుగా కూకట్‌పల్లి వెళ్లినవాడికి మాత్రం కాగితాల కట్ట.

ఎన్‌ఓసీకి ఫారం 28. కొత్త నంబరుకు ఫారం 27. వీటి కోసం మానుకున్న పనిరోజుల కూలికి ఫారం నంబరెంత, సార్?