పట్టా పరిచిన పెద్దాయన

అడవిలో రాత్రి గడపాలంటే భక్తి కావాలంటారు కొందరు, గుండెధైర్యం కావాలంటారు ఇంకొందరు. నేను ఒప్పుకోను. కావలసింది ఫ్యాక్టరీలో సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసిన అనుభవం. రుజువు కావాలంటే శివరాత్రి ముందు ఆత్మకూరు వైపు నుంచి నల్లమల కాలిదారిన శ్రీశైలం నడిచే జనాన్ని చూడండి. వెంకటాపురం వదిలి, నాగలూటి దాటి, రాతిమెట్లు ఎక్కి దిగి పెచ్చెరువు చేరేసరికి పొద్దు వాలుతుంది, పిక్కలు పట్టేస్తాయి. పులులు తిరిగే అభయారణ్యం కాబట్టి చీకట్లో ముందుకు పోవడానికి లేదు. దాతలు వేయించిన పందిళ్లే ఆ పూటకి ఇల్లూ వాకిలీ. అక్కడ అందరికంటే ముందే చేరి, గాలి ఆడే, పొయ్యి పొగ రాని, ఎవరూ కాళ్లు తొక్కుకుంటూ పోని మూల ఏదో ఒక్క చూపులో కనిపెట్టి, నీలం పట్టా పరిచేసిన పెద్దాయన ఒకరుంటారు. ఏ ఊరండీ అని అడగండి. విశాఖపట్నం దగ్గర దువ్వాడ అంటారు. కాకపోతే కూర్మన్నపాలెం. మరీ కాకపోతే, ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి దువ్వాడలో ఇల్లు కట్టుకున్న మనిషి.

ఈ విద్య దువ్వాడకే ఎందుకు పట్టుబడిందంటే, మొదటి కారణం రైల్వే స్టేషను. హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండి విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్తే ఇంజను అటు నుంచి ఇటు మార్చుకుని మళ్లీ వెనక్కి రావాలి. ఆ తంటా పడలేని రైళ్లు కొన్ని ఊళ్లోకి పోకుండా దువ్వాడలో ఆగి తమ దారిన తాము పోతాయి. వాటికోసం అర్ధరాత్రీ అపరాత్రీ ప్లాట్‌ఫారం మీద సంచి తలకిందా, చెప్పులు సంచికిందా పెట్టుకుని కునుకు తియ్యడం, మైకు గొంతు సవరించుకోగానే లేచి కూర్చోవడం ఇక్కడివాళ్లకి అలవాటైన పని. రెండో కారణం విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఆ ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లని పేర్లు పెట్టుకున్నారు గానీ, వాటిని చల్లారనిస్తే కొంప మునుగుతుంది. కోక్ ఒవెన్ల ఇటుకలకీ అదే గండం, చల్లబడితే బీటలిస్తాయి. అందుకని కొలిమి నిద్రపోదు, మనుషులే వంతులవారీగా పోతారు. అలా ముప్ఫయ్యేళ్లు చేసినవాడికి రాత్రీ పగలూ ఉండవు. డ్యూటీ, రెస్టు, రెండే ఉంటాయి. పందిరైనా పరుపైనా, ఇది రెస్టు అని నిశ్చయించుకున్న మరుక్షణం పడుకుంటాడు.

పడుకునేముందు చేసే పనులు మాత్రం చాలా ఉన్నాయి. వాసాలు ఊపి చూస్తారు, కట్లు బిగిస్తారు, వైర్లు ఎక్కడ వేలాడుతున్నాయో చూసి నిర్వాహకుణ్ని పిలిపిస్తారు. చీమల దండులా వచ్చే జనంలో తనవాళ్లెవరో కానివాళ్లెవరో తేడా లేకుండా తలలు లెక్కపెడతారు. ప్లాస్టిక్ తేవద్దని అటవీ శాఖవాళ్లు చెప్పారు కదండీ అంటే, ‘ఇది ప్లాస్టిక్ కాదు, పట్టా’ అంటారు. భీముని కొలను ఇక్కడికి ఎంత దూరమని అడిగితే, ‘ఎంతో లేదు తమ్ముడూ, మన స్టేషన్నుంచి పాత గాజువాక ఉన్నంత’ అంటారు. ఆ పైన కైలాస ద్వారం ఎంతన్నా అంతే. శ్రీశైలం ఎంతన్నా అంతే. కొండకి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని ఆయనకి తెలుసు. తెలిసి కూడా, ‘లెవెలు తప్పింది, ఇన్‌స్పెక్షను జరగలేదు’ అని రాజుగారికి చార్జిషీటు ఇచ్చినంత పని చేస్తారు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ కునుకు లేకుండా తిరిగి వచ్చిన సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతారు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టడంతో మొదలుపెట్టి.

మంచి మూల ఆక్రమించడం స్వార్థం కాదా అని అడగవచ్చు. కానీ ఆ పందిరికి రిజిస్టరూ లేదు, మేనేజరూ లేడు. అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్ల అపలేచియన్ ట్రెయిల్ మీద రెండొందల యాభైకి పైగా ఉన్న బసల్లో చాలావాటికి మూడే గోడలు. అక్కడ కూడా ముందొచ్చినవాడిదే చోటు, వాన పడితే మాత్రం ఇంకొకరికి చోటివ్వాలన్నది మర్యాద. మన పెద్దాయన వాన కోసం ఆగరు. ఇద్దరికి సరిపడే పట్టా మీద, ‘కాస్త సర్దుకోండమ్మా’ అంటూ నలుగుర్ని ఇరికించి, అయిదోవాడికి తన కాళ్ల దగ్గర చోటు చూపిస్తారు. ఆక్రమించకపోతే పంచేదెలా?

ఇంత హడావుడిలో అడవి నిశ్శబ్దం ఏమైపోవాలన్నది మరో అభ్యంతరం. నిశ్శబ్దం మీద మోజు తలుపు గడియ వేసుకున్నవాడికి ఉంటుంది. ఎలుగుబంట్లున్న అడవిలో పరాయివాళ్ల మధ్య, అరికాళ్ల బొబ్బలతో పడుకున్న మనిషికి, ఎవరో ఒకరు మేలుకుని టార్చిలైటు తిప్పుతూ దగ్గుతుంటే ఉండే నిబ్బరం వేరు. రిటైరయ్యాక ఇంట్లో మాట వినేవాళ్లు లేక అడవికొచ్చి పెత్తనం చేస్తున్నాడనే మాటా ఉంది. నిజమే కావచ్చు. అయితేనేం, విసుక్కున్నవాళ్లే తలనొప్పి వచ్చేసరికి అమృతాంజనం కోసం ఆయన సంచి వైపు చూస్తారు. గురక గురించి అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అసలు క్షమించరానిది ఇంకొకటి. వెలుగొచ్చేదాకా కదలకూడదని తెలిసీ మూడింటికే అందర్నీ తట్టి లేపుతారు. ఎ షిఫ్టు ఆరింటికి కదా, మూడు గంటలు చేతిలో ఉండాలట. తెల్లారాక పట్టా మడిచి, పక్కన కాళ్లు వాచి లేవలేక కూర్చున్న కుర్రాడెవరినో పిలిచి ఆ మూల అప్పజెబుతారు. ‘రాత్రి రెండో వాసం దగ్గర చీమలొచ్చాయి బాబూ. పసుపు జల్లాను. చూసుకో.’