కుజుడికి లక్షలు, మల్లనకు దండ

పెళ్ళిచూపుల్లో కుజదోషం మాట వినబడగానే కాఫీ కప్పు కింద పెట్టి లేచిపోయే పెద్దమనుషులే, కొత్త కారుకు కూడితే 9 వచ్చే నెంబరు కోసం ఆర్టీయే వేలంలో ఎగబడతారు. న్యూమరాలజీ ప్రకారం 9 కుజుడి సొత్తు. పిల్ల జాతకంలో ఉంటే దోషం, బండి ముందు బిగిస్తే రాజయోగం! 2024లో ఖైరతాబాద్‌లో ఒక్క 9999 పాతిక లక్షలు దాటింది. తెనాలి, రేపల్లెల్లో అంత ధర పలక్కపోవచ్చు గానీ జబ్బు అదే.

దేన్ని 9తో హెచ్చించినా అంకెలు కూడుకుంటూ పోతే చివరికి 9 తేలుతుంది, అదీ మహిమ అంటాడు న్యూమరాలజిస్టు. మనం లెక్కపెట్టేది పదుల్లో. పదికి ఒకటి తక్కువ గనక 9కి ఆ యోగం పట్టింది. మనిషికి ఎనిమిది వేళ్ళే ఉండి ఎనిమిదుల్లో లెక్కపెట్టి ఉంటే ఆ వైభవం 7కి దక్కేది, 9 అనే అంకే పుట్టేది కాదు. పాపం కుజుడు.

నిజంగా వింత సంఖ్య కావాలంటే పెరట్లోనే ఉంది. 11వ శతాబ్దివాడని చెప్పే పావులూరి మల్లనది ఇప్పటి బాపట్ల జిల్లా. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా 64 గళ్ళూ నింపితే ఎంతో ఆయన పేర ఒక పద్యం ఉంది: 18446744073709551615. ఇరవై అంకెలూ బాణాలుగా, చంద్రుళ్ళుగా, ఏనుగుగా వేషాలేసుకుని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఒక్కటీ తప్పలేదు. ఆ గింజలు మన బాపట్ల బీపీటీ 5204 ధాన్యమే అనుకుందాం. వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు. మొత్తం 27,000 కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పటి దిగుబడితో ప్రపంచమంతా మూడొందల ఏళ్ళకు పైగా పండించాలి.

అన్నట్టు 5204 కూడితే 11, మళ్ళీ కూడితే 2. దాన్ని 5202గా దిద్దుకోమని ఆ వంగడం విడుదలైన 1986లో ఎవరూ సలహా ఇవ్వలేదు, అయినా అన్నం ఉడుకుతూనే ఉంది.

మల్లనకు దండ వేసి, 64 బిట్ల కంప్యూటర్ మనదేనని మైకులో గర్జించేవారిది ఇంకో తరహా. 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య అదే, నిజమే. రెండును ఎవరు రెట్టించినా అక్కడికే చేరతారు. ఆ వక్తల్లో ఒక్కరైనా కాగితం తీసి దాన్ని భాగించి చూశారా? 4294967297తో నిశ్శేషంగా పోతుంది. ఈ 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటి గణితవేత్త నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో విరిచేశాడు. మల్లన సంఖ్యలోనూ ఆ 641 ఉంది.

రేపల్లెలో కొత్త బండి కొనేవారికి నా సలహా: 0641 అడగండి. కూడితే అదీ 2 గనక పోటీకి ఎవరూ రారు.