మిలటరీ ట్రంకుపెట్టె కథ

నల్లరంగు పూసిన ఇనుప రేకు, రెండు పక్కలా మడత పిడులు, ముందు తాళం వేసే గొళ్ళెం: సైనికుడి ట్రంకుపెట్టె అంటే ఇంతే. ఈ కథలోని పెట్టె పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో, ఒక పెంకుటింటి గదిలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ కుర్రవాళ్ళు సైన్యంలో చేరుతూ రావడంతో మిలటరీ మాధవరమని పేరుపడ్డ ఊరది. పెట్టె తనదని చెప్పుకోగలిగింది రేకూ రంగూ మాత్రమే. మిగతా కథంతా దాన్ని వెంటబెట్టుకు తిరిగిన మనిషిది. ఇంట్లో పిల్లలకు ఆయన తాతయ్య, ఊరికి హవల్దారుగారు.

1962 చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెద్దయెత్తున పెంచారు. ఆ భర్తీలో, 1963లో ఆయన మద్రాసు రెజిమెంటులో చేరారు. 1758 నాటి పటాలాలను తన మూలమని చెప్పుకునే రెజిమెంటు అది. శిక్షణ నీలగిరుల్లో, కూనూరు పక్కనున్న వెల్లింగ్టన్‌లో. తాడేపల్లిగూడెంలో రైలెక్కి మద్రాసు, అక్కణ్ణుంచి మేట్టుపాళయం, ఆపైన పళ్ళపట్టా పట్టుకుని కొండెక్కే చిన్న రైలు. వరిచేల మధ్య పెరిగిన కుర్రవాడికి ఆ చలి కొత్త. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం మాట్లాడేవాళ్ళంతా ఒకే బారకులో పడుకునేవారు. పెట్టెను ఆయన అక్కడి బజారులోనే కొన్నారు.

మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాయించడం రివాజు. నంబరూ పేరూ ఎప్పటికీ అవే, ర్యాంకు మారుతుంది. సిపాయి మీద నల్లరంగు కొట్టి లాన్స్ నాయక్ అని రాశారు. దాని మీద నాయక్, ఆ మీద హవల్దార్. బొటనవేలితో తడిమితే ఆ ఒక్కచోట రంగు మందంగా తగులుతుంది, పక్కన నంబరు దగ్గర రేకు నున్నగా ఉంటుంది.

1971 డిసెంబరు యుద్ధంలో ఆయన తూర్పు రంగంలో ఉన్నారు. ఆ యుద్ధాన్ని పెట్టె చూడలేదు. ముందుకు వెళ్ళే సైనికుడి వీపున సంచీ, చేతిలో తుపాకీ ఉంటాయి గానీ ట్రంకుపెట్టె ఉండదు. తాళాలు వేసిన పెట్టెలన్నీ వెనక స్థావరంలో వరసగా పేర్చి ఉంటాయి. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. సుమారు 93,000 మంది బందీలయ్యారు. ఆ తర్వాత పెట్టెలు ఎవరివి వాళ్ళకు అందాయి. కొన్ని పెట్టెల కోసం వాటి మనుషులు రాలేదు. వాటిని జాబితా రాసి, సీలు వేసి, వాళ్ళ ఊళ్ళకు పంపించారు. తాతయ్య తన యుద్ధం గురించి ఇంట్లో చెప్పింది చాలా తక్కువ. ఆ పెట్టెలకు సీళ్ళు వేసిన రోజు గురించి మాత్రం పిల్లలు అడగకపోయినా చెప్పేవారు. ఆయన తర్వాత చేసిన పనులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

1979లో డిశ్చార్జి అయి ఊరికి వచ్చారు. పెట్టెలోని సర్దుబాటు సైన్యంలో కిట్ తనిఖీ నాటిదే: అడుగున ఉన్ని కోటు, దాని మీద నాఫ్తలీన్ ఉండలు, ఎడమ మూల ఎనామిల్ మగ్గు. కుడివైపు 99 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాకు ఆయన భార్య, పిల్లల మామ్మ, రాసిన ఇన్‌లాండు ఉత్తరాల కట్ట. గుడ్డసంచీలో పతకాలు: 1965 నాటి రక్షా మెడల్, 1971వి పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవం నాటిది ఒకటి, తొమ్మిదేళ్ళ సర్వీసుది ఒకటి.

అన్నిటికన్నా పైన కాగితాలుండేవి. పెట్టెను ఎక్కువగా తెరిచింది వాటికోసమే. సైనికుడి పెళ్ళి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డరుగా రికార్డుల్లోకి ఎక్కాలి. అందులో భార్య పేరు ఒకలా, ఆధారు కార్డులో ఇంకొకలా ఉంటే, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షను ఆగిపోతుంది. అఫిడవిట్లు, రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు, నెలల తరబడి ఎదురుచూపు. చుట్టుపక్కల ఊళ్ళ మాజీ సైనికుల భార్యలు కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన పెట్టె ముందు పీట వేసుకుని, తన డిశ్చార్జి బుక్కు నమూనాగా పక్కన పెట్టుకుని, ప్రతి పేరులో అక్షరం అక్షరం సరిచూసేవారు. "అమ్మా, నీ పేరులో ఒక 'ఎ' తక్కువైంది, ముందు ఇది దిద్దించుకుందాం" అనేవారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్ళేవారు. నవంబరు వస్తే, పెన్షను ఆగకుండా ఏటా ఇవ్వాల్సిన జీవన ధ్రువపత్రాల పని. ఇంతమందికి ఇంత ఓపికగా చేసిపెట్టిన ఆ పని, సంచీలోని ఏ పతకానికీ తీసిపోదు.

2019లో ఆయన పోయారు. మామ్మ పేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉంది, ఎప్పుడో ఆయనే చూసి ఉంచారు. ఫ్యామిలీ పెన్షను ఏ ఆటంకమూ లేకుండా మంజూరైంది. ఉన్ని కోటు పెద్దకొడుకు తీసుకున్నాడు. పతకాలు సంచీతో సహా పెట్టెలోనే ఉన్నాయి. ఉత్తరాల కట్ట మామ్మ తన బీరువాలోకి మార్చుకుంది. పెట్టె పైభాగంలో ఇప్పుడున్నవి ఆవిడ పెన్షను కాగితాలు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు. తాళంచెవి మనవరాలి దగ్గర ఉంటుంది. నవంబరులో ధ్రువపత్రం పని ఆ అమ్మాయే చూస్తోంది, ఊళ్ళో మరో ఇద్దరు ముగ్గురివి కూడా.