గొట్టాలకు మడి

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు సంక్రాంతికి అమలాపురం వచ్చాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా అసలు సంగతి బయటపెట్టాడు. స్నేహితులతో కలిసి అక్కడో చిన్న బ్రూవరీ పెడుతున్నాట్ట. డబ్బు తేలింది, చోటు తేలింది, తేలనిది ఒక్కటే. "మావయ్యా, పుల్లటి బీరు కూడా చెయ్యాలా, వద్దా?"

"బీరు పులిస్తే పారబొయ్యాలి కదరా!" అన్నాను.

వాడు నాకేసి జాలిగా చూసి బెల్జియం ఎత్తుకున్నాడు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు ఉందిట. మాల్టు, గోధుమలు కాచిన నీళ్ళని వెడల్పాటి తొట్టిలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. గాల్లో తిరిగే ఈస్టులు, బాక్టీరియా వచ్చి అందులో పడతాయి. ఆపైన చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ళ దాకా మగ్గబెడతారు. ఎండాకాలం గాలిని నమ్మరు కాబట్టి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు. అదే మన కోనసీమలో తొట్టి తెరిచిపెడితే ఈస్టు కన్నా ముందు దోమలు దిగుతాయి. తెల్లారేసరికి ఆ బీరు మాంసాహారం.

అయినా ఈ విద్య మనకి కొత్తా? కల్లు గీసేవాడు కుండ కట్టి చెట్టు దిగేలోపే పైన పని మొదలైపోతుంది. కుండకి సున్నం పూస్తే నీరా. పూయకపోతే ఈస్టులు చక్కెరని ఆల్కహాలు చేస్తాయి, లాక్టిక్ బాక్టీరియా పులుపెక్కిస్తుంది, ఇంకా ఉంచితే ఎసిటిక్ బాక్టీరియా వచ్చి వెనిగర్ చేసి పోతుంది. పొద్దున తియ్యన, సాయంత్రం పులుపు. బెల్జియం వాడికి మూడేళ్ళు పట్టే పని మన ఎండ ఒక్క పూటలో చేసిపెడుతుంది. తేడా అల్లా, అక్కడ బిరడా బిగించి సీసాకి వేలు గుంజుతారు, ఇక్కడ "ఆయ్, పులిసిపోయిందండి, చూసి తగ్గించండి" అని బేరం. పుస్తెలమ్మయినా పులస పులుసు తినాలనే మనుషులం. కల్లు దగ్గరికొచ్చేసరికి పులుపుకి పైసా రాలదు.

మా అమ్మ మద్యం మాటెత్తితే ముక్కు మూసుకునే మనిషి. కానీ తరవాణి కుండ పెట్టిన తరం. రోజుల తరబడి పులిసిన ఆ కుండలో నీళ్ళే చద్దన్నంలో పోసి మమ్మల్ని బడికి పంపేది. అందుకే మా మాటలు వినీ విననట్టు వింటోంది. జర్మనీలో గోజె అనే పుల్లటి బీరు ఉందని, గోస్లార్‌లో పుట్టి లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకుందని, 1966లో తయారీ ఆగిపోతే 1980లలో మళ్ళీ బతికించారని, అందులో ఉప్పు, ధనియాలు వేస్తారని మనవడు చెప్పాడు.

"మరి పోపు వెయ్యరా?" అంది.

నా భయమల్లా రుచి గురించి కాదు, గొట్టాల గురించి. పులుపు తెచ్చే లాక్టోబాసిల్లస్ గొట్టాల్లో, రబ్బరు వాషర్లలో దాక్కుంటే కడిగినా ఓ పట్టాన పోదు. తర్వాత అదే గొట్టంలో వెళ్ళిన మామూలు బీరు కూడా పులుస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు పుల్లటి బీరుకి గొట్టాలు, వాషర్లు, పీపాలు అన్నీ వేరుగా పెట్టుకుంటారు. ఆవకాయ జాడీకి మా అమ్మ పాటించే మడి లాంటిదే ఇదీ. ఆ మడి ఇరవైయేళ్ళ కుర్రాళ్ళ చేత, అర్ధరాత్రి షిఫ్టులో, ఎవరు కట్టిస్తారు?

దీనికో దగ్గరి దారి ఉంది. ఈస్టు వెయ్యకముందే కాగులో లాక్టోబాసిల్లస్ కలిపి, 40 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచి, చాలినంత పులవగానే మరిగించెయ్యడం. బాక్టీరియా చచ్చిపోతుంది, పులుపు మిగులుతుంది. గొట్టాలు పవిత్రం. మే నెలలో రాజోలులో అయితే ఆ వేడి ఊరికే దొరుకుతుంది. బెంగళూరులో కరెంటు బిల్లు కట్టుకోవాలి.

చివరికి నేను తేల్చింది ఇది. పుల్లటి బీరు చెయ్యి, ఒక్కటే చెయ్యి. కాగు పద్ధతిలో, ఎండాకాలంలో, ఆల్కహాలు 4 శాతం దాటకుండా. పీపాల జోలికి ఇప్పుడే పోకు, మూడేళ్ళు ఆగేది బీరే కానీ బ్యాంకు వాయిదా కాదు. మొదటి గుక్క మాత్రం అందరికీ ఊరికే పొయ్యి.

బెంగళూరులో ఉన్న కోనసీమ వాళ్ళకి ఓ మనవి. మావాడి కొట్టుకి వెళితే, గ్లాసు ఎత్తగానే "ఆయ్, పులిసిపోయింది" అని మాత్రం బేరం పెట్టకండి.