అడ్మిన్‌గారి ఆతిథ్యము

అతిథిని దేవునిగా భావింపుడని బోధించిన మన పూర్వులు, ఆ బోధను మనుష్యులెవ్వరును పూర్తిగా ఆచరింపజాలరని లోలోపల ఎఱిగియే బోధించి యుందురు. వేళ కాని వేళ వచ్చినవానిని చూచి గృహిణి ముఖము చిట్లించును. గృహస్థు వార్తాపత్రిక చాటున దాగును. పేరడుగక, ఊరడుగక, వచ్చినదెందులకని యడుగక, అర్ధరాత్రమైనను అపరాహ్ణమైనను ఒకే తీరున తలుపు తెఱచి, తాళపుచెవుల గుత్తిని అతిథి చేతిలో పెట్టగల సత్పురుషుడు పురాణములలో సైతము అరుదు. అట్టి సత్పురుషుడు నేడు మా నర్సీపట్నములో, అబీద్ సెంటరు మొదలు చింతపల్లి రోడ్డు వరకు, ఇంటింటను టీవీకి పైగా, క్యాలెండరుకు ప్రక్కగా, ఒక మేకునకు వ్రేలాడుచున్నాడు. చదువుకొన్నవారు ఆయనను రౌటరందురు. కేబులు కుఱ్ఱవాండ్రు ‘బాక్సు’ అందురు.

ఒకప్పుడు బి.ఎస్.ఎన్.ఎల్. వారి రాగితీగ కొసను ఆయన నివసించెడివాడు. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించి, ఇంటర్నెట్టును, టీవీని, టెలిఫోనును నెలకు 149 రూపాయలకు ఒక్క తీగపై అనుగ్రహించిన పిమ్మట, గాజుతీగ కరెంటు స్తంభములను పట్టుకొని పల్లెలలోనికి సైతము నడచి వచ్చెను. దాని వెంట ప్రైవేటు కంపెనీల తీగలును వచ్చెను. తీగ యెవరిదైనను, కొసనున్న పెట్టె కడుపులో ఒక చిన్న వెబ్ పేజీ యుండును. బ్రౌజరులో 192.168.1.1 అనియో, దానికి సోదరమైన మఱియొక సంఖ్యయో కొట్టినచో అది ప్రత్యక్షమగును. వై-ఫై పేరు, దాని పాస్‌వర్డు, ఎవరిని రానీయవలెను, ఎవరిని ఆపవలెను, సమస్తమును అచ్చటనే. ఈ పేజీని బయటి ఇంటర్నెట్టు వైపునకును తెఱచినవారి యుద్దేశము నిర్మలమైనది: ప్రతి చిన్న మరమ్మతుకును మనిషి ఇంటికి రానక్కఱలేక, ఆఫీసులో కూర్చుండియే సరిచేయవచ్చునని. దూరమునుండి సరిచేయువాని కొఱకు తెఱచిన తలుపు, దూరమునుండి చెఱచువానికి మూసికొని యుండవలెనన్న సంగతి మాత్రము ఆ నిర్మలహృదయములకు తోచలేదు.

కావలి యసలే లేదనుట అపనింద. ఉన్నది. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్. ఇది ఇంటి యజమానికి తప్ప తక్కిన లోకమున కంతటికిని తెలిసిన రహస్యము. 2016లో ‘మిరాయ్’ అను దుష్టప్రోగ్రాము ఇట్టి జంటపదములను అఱువదికి పైగా కంఠస్థము చేసి, ఆ పాండిత్యముతోడనే లక్షల కొలది కెమెరాలను, రౌటర్లను తన సైన్యమున చేర్చుకొనెను. అట్టి సైన్యమే అక్టోబరు 21న వెబ్‌సైట్లకు దారి చెప్పు డైన్ అను కంపెనీని ముట్టడింపగా, ట్విటర్ మొదలగు పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూలపడెను. అమరకోశమును ఆమూలాగ్రము వల్లించిన మా తాతల తరమువారికి ఇందులో వందవవంతు ప్రతాపము అబ్బలేదు. 2017 జూలైలో మన బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బాండ్ మోడెములపై ఇట్టి విపత్తే వచ్చిపడినపుడు, ఆ సంస్థ చందాదారులకు చెప్పిన హితవును ఇదియే: పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చుకొనుడు. మార్చుకొనుటకు ముందు, అట్టిదొకటి కలదని తెలియవలెను గదా.

అడ్మిన్ అని రెండుమాఱులు పలుకుటయు అతిథికి శ్రమయేయని తలచి, దానిని సైతము తప్పించిన దయాళువులు కలరు. 2013 అక్టోబరులో క్రెయిగ్ హెఫ్నర్ అను పరిశోధకుడు డి-లింక్ కంపెనీవారి కొన్ని రౌటర్ల సాఫ్ట్‌వేరును విప్పి చూడగా ఒక వింత బయటపడెను. బ్రౌజరు ఏ పేజీకి పోయినను ముందుగా తన పేరు చెప్పుకొనును. ఆ పేరునకు మాఱుగా, చూచుటకు అర్థములేని ఒక అక్షరపంక్తిని చెప్పినచో, రౌటరు పాస్‌వర్డు ఊసెత్తక లోనికి పంపును. ఆ పంక్తిని కుడినుండి ఎడమకు చదివినచో అందు ‘బ్యాక్‌డోర్’ అను మాట స్పష్టముగా నున్నది. దొంగదారి పెట్టి, ‘ఇది దొంగదారి’ అని బోర్డు వ్రాయించి, ఆ బోర్డును తిరగవేసి కట్టుట చౌర్యశాస్త్రమున నవీనాధ్యాయము. ఇట్లేల చేసిరన్నదానికి హెఫ్నర్ ఊహ మఱింత రమ్యము: రౌటరులోని ప్రోగ్రాములే అప్పుడప్పుడు సెట్టింగులు మార్చవలసి వచ్చును, యజమాని పాస్‌వర్డు మార్చినచో వానికి దారి యుండదు, కావున ఇంటివారి కొఱకే ఆ పెరటిదారి.

2018లో దాసన్ కంపెనీ ఫైబరు రౌటర్ల దగ్గఱ ఇంత మంత్రమును అక్కఱలేకపోయెను. పేజీ చిరునామా తుదిని ఒక ప్రశ్నార్థకము, ‘ఇమేజెస్’ అను మాట, ఒక ఏటవాలు గీత చేర్చిన చాలును. బొమ్మలు చూడవచ్చినవానిని పాస్‌వర్డు అడుగుట మర్యాద కాదనుకొనెనేమో, పెట్టె సర్వమును చూపెను. ఇంటర్నెట్టులో అట్టి పెట్టెలు పదిలక్షలకు పైగా కానవచ్చెను. సంగతి వెల్లడియైన పదిదినములలో అయిదు ముఠాలు ఒకదానినొకటి త్రోసికొనుచు వచ్చి చేరెను.

వచ్చినవాడు టీవీని మోసికొనిపోడు. అందుచేతనే ఇంటివారికి ఏమియు తెలియదు. పేజీలో డిఎన్ఎస్ అను గడి యొకటి యుండును: మనము కొట్టిన పేరు ఏ యంత్రమునకు చెందినదో ఎవరినడిగి తెలిసికొనవలెనో అది చెప్పును. అతిథి ఆ యొక్క గడిని మార్చి నిశ్శబ్దముగా నిష్క్రమించును. 2014 మార్చిలో టీమ్ కమ్రి అను సంస్థ లెక్కించిన ప్రకారము మూడులక్షల రౌటర్లలో ఆ గడి మారియుండెను. వియత్నాము, ఇటలీలతోపాటు భారతదేశపు రౌటర్లును ఆ జాబితాలో ప్రముఖముగా నుండెను. గృహస్థు బ్యాంకు పేరును తప్పులేకుండ కొట్టును. దారి చెప్పువాడు మాత్రము మారెను.

ఈ మన్యపు వాకిట నివసించువారికి ముందస్తు హెచ్చరిక యన నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలో తుపాకులు తీసికొనిన అల్లూరి సీతారామరాజు, తీసికొనినదానికి లెక్క వ్రాసి సంతకము చేసి పోయెను. ‘మిరపకాయ టపా’ పంపి, రానున్న సంగతిని ముందే తెలిపెను. సర్కారు హడలి, నర్సీపట్నమునకు బలగములను దింపెను. పెట్టెలలోని లోపమును చాటు నేటి మిరపకాయ టపాకు సీవీఈ అని పేరు. సంవత్సరము, వరుససంఖ్య, పదింట ఇన్ని అను తీవ్రతతో అది బహిరంగముగా ప్రకటింపబడును. దానిని శ్రద్ధతో చదువువారు దొంగలొక్కరే. 2014 డిసెంబరులో చెక్ పాయింట్ కంపెనీ, ఒక కోటి ఇరువదిలక్షల పెట్టెలలో నున్న లోపమునకు ‘మిస్‌ఫార్చూన్ కుకీ’ అని నామకరణము చేసెను. ఆ పెట్టెలలో వెబ్ పేజీని చూపు సర్వరు ప్రోగ్రామును వ్రాసిన అల్లెగ్రో కంపెనీ ఆ లోపమును 2005లోనే దిద్దినది. దిద్దినదానిని అల్లెగ్రోవారు తయారీదారుల కందించినను, తొమ్మిదేండ్ల పిమ్మటను దిద్దనిదే పెట్టెలలోనికెక్కి దేశదేశముల అమ్ముడుపోవుచుండెను. తయారీదారు ఆపరేటరును చూపును, ఆపరేటరు ఇంటివానిని చూపును, ఇంటివాడు పెట్టెపై ధూళి తుడిచి ఊరకుండును.

ఇదంతయు చవుకపెట్టెల గుణమని తలచి బీదవారెవ్వరును చిన్నబుచ్చుకొనవలదు. 2023 అక్టోబరు 16న సిస్కో కంపెనీ, తన పెద్ద రౌటర్ల వెబ్ పేజీలో, ముక్కుమొగము తెలియనివాడు తనకు తానే సర్వాధికారములుగల ఖాతా తెఱచుకొనగలడని ప్రకటించెను. తీవ్రత పదికి పది. అప్పటికే కొందఱు తెఱచుకొనియుండిరి. త్వరలోనే అట్టి యంత్రములు వేలకొలదిగా బయటపడెను. మందు వచ్చువఱకు కంపెనీ సెలవిచ్చిన చికిత్స, ఆ వెబ్ పేజీని ఆపివేయుడని. అదే యేడు జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ తన ప్రభుత్వ శాఖలకు, ఇట్టి పేజీ ఏదైనను ఇంటర్నెట్టు ఎదుట కనబడిన 14 దినములలో దానిని లోపలికి తీయుడు, లేదా గట్టి కాపలా పెట్టుడని ఆదేశించియుండెను. ఆపివేసినపుడే మేలుచేయు సౌకర్యమును ఇంత దూరము మోసికొనివచ్చి మా గోడకు కొట్టుటలోని పరమార్థము, వేదాంతులు విచారింపదగినది.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి, పెట్టెలన్నిటికిని ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధమైనది. ఆ నాగరకత ఇచ్చటికిని మెల్లమెల్లగా దిగుమతి యగుచున్నది: క్రొత్త పెట్టెలలో కొన్నింటికి దేనిది దానికి వేఱు పాస్‌వర్డు, అడుగున స్టిక్కరుపై అచ్చువేసి వచ్చుచున్నది. పెట్టెను గోడకు బిగించునపుడు అడుగుభాగము గోడవైపునకే పోవును గనుక, ఇకమీదట యజమానియు ఆ రహస్యమును భేదింపలేడు. ఆ సందేహమే మా వీధిలో పెట్టె బిగించవచ్చిన కుఱ్ఱవాని ఎదుట పెట్టితిని. అతడు స్క్రూ తిప్పుట యాపి, జేబులోని ఫోను తీసి, తెరపై వరుసగా పేర్చియున్న స్టిక్కర్ల ఫొటోలను ఆప్యాయముగా చూపెను.

“మీకెందుకండి భయం మాస్టారూ, బిగించేముందే ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఊరందరివీ అందులోనే ఉంటాయండి. ఎప్పుడు కావాలన్నా అడగండి, ఎవరైనా చెప్తారు.”